నా వంతు రాని ప్రార్థన

పోయిన వారం మీరు నన్ను వదిలేసి వెళ్ళినప్పుడు నేను కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాను. ఇంకా అలాగే ఉన్నాను. ఎడమచేయి మా అక్క చేతిలో, కుడిచేయి మా డ్రైవింగ్ స్కూలు ఓనరుగారి చేతిలో. సంఘమంతా గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడింది. మధ్యలో బల్ల మీద పచ్చటి ఆకులు చుట్టిన చక్రం, అందులో నాలుగు క్రొవ్వొత్తులు. మూడు వెలుగుతున్నాయి, నాలుగోది వచ్చే ఆదివారం కోసం ఆగి ఉంది. క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల ఆగమనకాలంలో మూడో ఆదివారాన్ని మా సంఘంలో సంతోష ఆదివారం అంటారు. అందుకని ఆ మూడో క్రొవ్వొత్తి ఒక్కటే గులాబీరంగులో ఉంటుంది. ఇప్పుడు నాకు గులాబీరంగు చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి నా గొడవ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నేను కారు నడపడం నేర్పుతాను. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు దగ్గర కూర్చుంటే నేను పక్క సీటులో కూర్చుంటాను. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అవతలివాళ్ళు కంగారుపడి ఏదో ఒకటి తొక్కేస్తే నేను నా బ్రేకు నొక్కుతాను, కారు ఆగిపోతుంది. ఇన్నేళ్ళుగా మా ఇల్లు ఆ బ్రేకు మీదే నడుస్తోంది. మా ఆయన తాళాలు చేసే మనిషి, ఆయన సంపాదన ఒక వారం ఉంటుంది, ఒక వారం ఉండదు.

ఈమధ్య నా కుడికంటికి నిటారుగా ఉండాల్సిన గీతలు వంకర తిరిగి కనిపించసాగాయి. మా ఆయనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కంటి లోపలి పొర పాడవుతోందని, వైద్యం మొదలుపెడదామని, కొంతకాలం స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. ఇంట్లో పరీక్ష చేసుకునే పద్ధతి కూడా నేర్పారు. అందుకే రోజూ పొద్దున వంటింటి కిటికీ ముందు నిలబడి, ఎడమకన్ను మూసుకుని, కుడికంటితో కమ్మీల వైపు చూస్తాను. మధ్య కమ్మీ మెలిక తిరిగి ఉంటుంది. పోనీలే, ఎడమకన్ను బాగుంది కదా అని ధైర్యం చెప్పుకుని పనికి వెళ్తాను. నేర్చుకునేవాళ్ళని రోడ్డు మీదికి తీసుకెళ్ళడం మానేశాను. మైదానంలో రివర్సు, పార్కింగు, అంతే.

పండగ కాగానే ఓనరుగారి ముందు కూర్చుని నా నోటితో నేనే చెప్పాలనుకున్నాను. ఆఫీసులో ఏదైనా పని ఇమ్మని, కొత్తవాళ్ళకి పాఠాలు చెప్తానని అడగాలనుకున్నాను. ఆ మాటలు రోజూ మనసులో సరిచేసుకుంటున్నాను. మొదటి క్రొవ్వొత్తి వెలిగించిన ఆదివారం సాయంత్రం ఆ మంట వైపు కుడికంటితో చూస్తే, చూసిన చోట మంట లేదు, ఒక మసక మరక ఉంది. ఇంటికెళ్ళేదాకా ఆగలేక అక్క ఒళ్ళో తలపెట్టి అంతా చెప్పేశాను. అక్క నా జుట్టు నిమిరి ఏడ్చింది. "పండగ దాకా నా నోరు కుట్టేసుకుంటాను, సరేనా" అంది.

ఆ కుట్లు ఇప్పుడు విడుతున్నాయన్నమాట.

మా గొలుసు ప్రార్థన పద్ధతి తెలియనివాళ్ళకి అదీ చెప్పాలి. అందరం కళ్ళు మూసుకుంటాం. ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. అయిపోగానే కుడిపక్కవాళ్ళ చేయి ఒకసారి గట్టిగా నొక్కుతారు. నొక్కు అందినవాళ్ళు మొదలుపెడతారు. పైకి చెయ్యడం ఇష్టం లేనివాళ్ళు నొక్కు పక్కవాళ్ళకి అందించేసి ఊరుకుంటారు. ఎవరి వంతు ఎవరూ లాక్కోరు. మధ్యలో ఆపడానికి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. దేవుడితో మాట్లాడుతున్న మనిషిని ఆపమని ఎవరు అంటారు?

"దాని కుడికన్ను సంగతి నీకు తెలుసు తండ్రీ" అంటోంది అక్క. ప్రార్థనలో అక్క గొంతు కొంచెం సన్నబడుతుంది. చిన్నప్పుడు నాన్న దగ్గర నా మీద చాడీలు చెప్పేటప్పుడు కూడా అంతే. "డాక్టర్లు ఏమన్నారో నీకు తెలుసు. అది ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతోంది ప్రభువా."

దేవుడికి తెలుసు, సరే. ఆ ముక్కతో హాల్లో ఉన్న అందరికీ తెలిసిపోయింది కదా. నా ముఖం వేడెక్కింది. నిజంగా చెప్తున్నాను, నా కుడికాలు నేల మీద బ్రేకు కోసం వెతికింది. అక్కడ చాప తప్ప ఏమీ తగల్లేదు.

"దాని పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లల మీద నీ చేయి ఉంచు తండ్రీ. ఏ తల్లికీ కడుపుకోత రానివ్వకు..."

కడుపుకోతట. నా చేతుల్లో పడి గీత కూడా పడకుండా బయటపడిన పిల్లలు ఈ హాల్లోనే సగంమంది ఉన్నారు. ఇక ఆపు అన్నట్టు అక్క చేయి నలిపేశాను. కోపం ఒక్క చేతికే వస్తుందా? రెండు పిడికిళ్ళూ ఒకేసారి బిగుసుకున్నాయి.

అదీ నేను చేసిన పొరపాటు. నా కుడిచేతిలో ఓనరుగారి చేయి ఉంది. అక్కది అయిపోయింది, నేను మౌనంగా నొక్కు అందించేశాను, ఇక తన వంతు అనుకున్నారాయన. అక్క మాట ఇంకా నడుస్తుండగానే ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టేశారు. ఆయనది పెద్ద గొంతు. ఆ గొంతు కింద అక్క ప్రార్థన అణిగిపోయింది.

"కనికరంగల తండ్రీ, ఈ ఆగమనకాలం మొదలుకాక ముందు నుంచీ మా సహోదరి గురించి మేము చాటుగా చేస్తూ వచ్చిన ప్రార్థన నీవు ఆలకించినందుకు స్తోత్రం."

చుట్టూ కొందరు స్తోత్రం అన్నారు.

"ఆమెకు విశ్రాంతి దయచేస్తున్నావు. రేపటి నుంచి ఆమె కారు చేపట్టబోతున్న ఆమె బావగారి చేతులు బలపరచు తండ్రీ. పని లేక కృంగిపోయిన ఆ కుటుంబాన్ని తగిన సమయంలో జ్ఞాపకం చేసుకున్నావు."

నా ఎడమచేతిని అక్క ఒక్కసారిగా లాగింది, ఆయన్ని ఆపించమన్నట్టు. నేను కళ్ళు తెరిచాను. గొలుసు ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు. తెరిచి చూస్తే అక్క కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. అంతమంది కళ్ళు మూసుకుని ఉండగా మేమిద్దరమే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ చూపులో అక్క నా దగ్గర ఏమీ దాచలేకపోయింది.

అప్పుడు నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఎప్పుడూ పాస్టరుగారి పక్కన నిలబడే ఓనరుగారు ఈరోజు నా పక్కకి ఎందుకొచ్చారో, "రావే, ఇక్కడ నిలబడు" అని అక్క నా భుజం పట్టుకుని ఎందుకు లాక్కొచ్చిందో. అక్క పది మందిలో చెప్పేస్తుంది, నేను ఏడుస్తాను, నా వంతుగా కృతజ్ఞతలు చెప్పుకుంటాను, తర్వాత ఓనరుగారు మెల్లగా బావ సంగతి బయటపెడతారు. ఎంత చక్కగా పేర్చుకున్నారు. నా పిడికిలి బిగుసుకోవడం వల్ల అది కాస్త ముందుగా బయటపడింది.

గొలుసు ఆయన దగ్గర నుంచి అవతలికి వెళ్ళిపోయింది. పియానో టీచరు తన మోకాళ్ళ కోసం చేశారు. ఎవరో పరీక్షల కోసం, ఎవరో వాన తగ్గడం కోసం చేశారు. నేను వింటూ నిలబడ్డాను. నా చేతులు రెండూ ఇంకా వాళ్ళిద్దరి చేతుల్లోనే ఉన్నాయి. లాక్కుంటే గొలుసు తెగుతుందని లాక్కోలేదు. ఈ బుద్ధి ఎక్కడిదో నాకు తెలియదు, వాళ్ళకి లేనిది నాకెందుకో.

అంతా తిరిగి వచ్చాక పాస్టరుగారు ముగింపు చెయ్యబోయి ఆగారు. "మన సిస్టర్ వంతు మధ్యలో తప్పిపోయినట్టుంది" అన్నారు. ఆయన మంచివారు. ఇందులో ఆయన చెయ్యి లేదని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. "చేస్తారా అమ్మా?"

"నా గురించి అందరూ చేసేశారు కదా అయ్యగారూ" అన్నాను. "నాకింక ఏం మిగిల్చారు?"

ఎవరో చిన్నగా దగ్గారు. పాస్టరుగారు ముగించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మాట అనకుండా ఒక్క ప్రార్థన నుంచి కూడా కదిలినదాన్ని కాదు.

చేతులు విడిపోగానే జాలి మొదలైంది. ఒకావిడ నా బుగ్గలు పట్టుకుని కళ్ళలోకి తొంగిచూసింది, ఏ కన్నో తెలుసుకుందామని కాబోలు. ఇంకొకావిడ కూతురు నా దగ్గరే నేర్చుకుంటోంది. "మా అమ్మాయికి ఈ వారం తీరిక లేదు సిస్టర్, క్లాసు వద్దులెండి" అని నేల చూపులు చూస్తూ చెప్పింది. ఆ అమ్మాయి తల్లి వెనకే నిలబడి "నాకు తీరికే మమ్మీ" అంది. తల్లి ఆ పిల్ల చేయి గిల్లడం నా ఎడమకంటికి శుభ్రంగా కనిపించింది.

ఓనరుగారు చివర్లో వచ్చారు. "మీరు బాధపడకూడదమ్మా. కారు తాళాలకి తొందరేం లేదు, రేపు ఇచ్చినా సరే" అన్నారు.

"రేపంటే తొందర లేనట్టా అండీ?"

ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక టీ బల్ల వైపు వెళ్ళిపోయారు.

అక్క హాల్లో లేదు. ఎక్కడుంటుందో నాకు తెలుసు. వేదిక వెనక చిన్న గది ఉంది, పాటలవాళ్ళ గౌనులు, పాత కుర్చీలు, మిగిలిన క్రొవ్వొత్తులు అక్కడే పెడతారు. ఏదైనా తప్పు చేస్తే అక్క ఏదో ఒకటి శుభ్రం చేస్తూ కూర్చుంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఇల్లు మరీ మెరిసిపోతుంటే అమ్మ మమ్మల్ని ఇద్దర్నీ పిలిచి "ఏం పగలగొట్టావే" అని అక్కనే అడిగేది.

తలుపు తోసేసరికి అక్క ఇత్తడి స్టాండుకి అంటుకున్న మైనం చెంచాతో గీకుతోంది. నేను తలుపు వేసి వీపు ఆనించి నిలబడ్డాను.

"పండగ దాకా అన్నావు" అన్నాను.

"అన్నాను."

"నోరు కుట్టేసుకుంటానన్నావు."

"ప్రార్థన చేశాను. నీ మీద ఊళ్ళో పుకారేం పుట్టించలేదు."

"పుకారైతే కనీసం నా వెనక చెప్పుకునేవాళ్ళు. నా చేయి పట్టుకుని మరీ చెప్పావు కదే."

అక్క చెంచా పక్కన పెట్టింది. "సరే, నన్ను తిట్టు. తిట్టేముందు ఒక్కటి చెప్పు. ఈ పొద్దున ఇక్కడికి కారు నడిపింది ఎవరు?"

నేనే నడిపాను. మా ఆయన పక్కన కూర్చున్నారు. ఆయనకి చర్చి అంటే పడదు, ఆరాధన అయ్యేదాకా బయట కారులో పేపరు చదువుకుంటూ కూర్చుంటారు. మా ఇంటి నుంచి ఇక్కడికి మధ్యలో ఉన్నవి చిన్న వీధులే. ఆదివారం పొద్దున అక్కడ పిల్లి కూడా అడ్డం రాదు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న మాటలు. అక్క ముందు అవి చెల్లవు.

"డాక్టరు వద్దన్నాక కూడా నడుపుతున్నావు" అంది అక్క. "రేపు ఎవరైనా పిల్ల రోడ్డు దాటుతుంటే నీ కంటికి మరక కనిపిస్తుందా, పిల్ల కనిపిస్తుందా? నాకు నిద్ర పట్టడం లేదే. నువ్వు చచ్చినా, నీ చేతుల్లో ఇంకొకరు చచ్చినా మిగిలేది నేనే కదా."

"అయితే నాతో అనాలి. నా ఇంటికొచ్చి, తలుపేసి, చెంప పగలగొట్టి, తాళాలు లాక్కుపోవాలి. అక్కవి, నీకా హక్కు లేదన్నానా?"

"అంటే వినేదానివా?"

"వినకపోదును. అయినా నాతోనే అనాలి." ఏడవకూడదని వచ్చినదాన్ని ఏడ్చేశాను. "పోనీ, నా ప్రాణం మీద దిగులే అనుకుంటాను. మరి బావ సంగతేంటి? నా కన్ను పాడైతే బావకి కారు ఎలా వచ్చింది? అది కూడా ప్రార్థనలోనే దొరికిందా?"

అక్క ముఖం నల్లబడింది. బావ సరుకుల వ్యాను నడిపేవాడు. ఆ కంపెనీ మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు. షేవింగు మానేశాడు, పాటల గుంపులో పాడటం మానేశాడు. అవన్నీ నాకు తెలుసు. ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో కూడా తెలుసు, ఎందుకంటే కొంతవరకు నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడు అది చెప్పి పొడవడం నాకు చేతకాలేదు.

"ఎలాగూ ఆ సీటులోకి ఎవరో ఒకరు వస్తారు" అంది అక్క మెల్లగా. "బయటివాళ్ళు రావడం కంటే..."

"నేను దిగకముందే ఎక్కి కూర్చున్నారు."

"నువ్వు దిగవు కదా మరి."

అది నిజమే. నిజమైనందుకే ఇంకా మండింది. అప్పుడు గుర్తొచ్చింది ఓనరుగారి ప్రార్థనలో మొదటి ముక్క. హాల్లో ఆ గొడవలో అది నా చెవులకి తగిలి జారిపోయింది.

"అక్కా. ఆగమనకాలం మొదలుకాక ముందు నుంచీ ప్రార్థన చేస్తున్నామని ఆయన అన్నారు."

అక్క మళ్ళీ చెంచా తీసుకుంది.

"నేను నీకు చెప్పింది మొదటి క్రొవ్వొత్తి వెలిగించిన సాయంత్రం. ఆయనకి అంతకుముందే ఎలా తెలుసు?"

అక్క మైనం గీకుతూనే ఉంది. ఆ స్టాండు మీద గీకడానికి మైనం కూడా మిగల్లేదు.

"నేను చెప్పేటప్పటికే నీకు తెలుసా?"

"తెలుసు" అంది అక్క.

"మరి ఆ ఏడుపు?"

"ఏడుపు నిజమే."

ఆ మాట నేను నమ్మాను. అదే నాకు అన్నిటికంటే అసహ్యంగా అనిపించింది. తెలిసిన సంగతి తెలియనట్టు విని, నా జుట్టు నిమురుతూ, అదే సమయంలో నిజంగా ఏడవగలిగిన మనిషి ఒళ్ళో నేను తల పెట్టుకున్నాను.

"నీకెవరు చెప్పారు?"

"ఒట్టు వేశాను. అడక్కు."

"నాకు కూడా వేశావు కదే ఒట్టు. అది తెంచడానికి నీకు ప్రార్థన దొరికింది. దీనికి కూడా ఏదైనా పాట వెతుక్కో."

తలుపు మీద ఎవరో తట్టారు. నేను పక్కకి జరిగాను. బావ లోపలికి వచ్చాడు. చాలారోజుల తర్వాత నున్నగా గడ్డం గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. నన్ను చూడగానే ఆయన కళ్ళు నిండాయి. అక్క గాభరాగా "నువ్వు బయట ఉండు, మేం వస్తాం" అంది. ఆయన వినిపించుకోలేదు.

"నీ మేలు ఈ జన్మలో మర్చిపోలేనమ్మా" అన్నాడు నాతో. "ఎవరు చేస్తారు ఇలా? నీకు కన్ను బాగోలేక మానేస్తూ కూడా, నా సీటు మా బావకే ఇవ్వండి అని అడిగావట. నేను మొదట నమ్మలేదు. ఓనరుగారు పిలిచి చెప్పాక నమ్మాను."

నేను అక్క వైపు చూశాను. అక్క గోడకి తగిలించిన గౌనుల వైపు చూస్తోంది.

ఆ క్షణంలో నేను ఒక్క మాట అంటే చాలు. నేనేమీ అడగలేదు బావా, నా కింద నుంచి లాగేశారు అంటే చాలు. ఆయన ఆ గడ్డం గీసుకున్న ముఖంతో అక్కడే కూలిపోయేవాడు, రేపు ఆ కారు ఎక్కేవాడు కాదు. నోటి దాకా వచ్చింది. నా నోరు మంచిది కాదని ఇన్ని వారాలుగా చదువుతున్న మీకు నేను వేరే చెప్పాలా? అయినా ఆయన ముఖం చూసి అనలేకపోయాను.

"మీరు బాగా నేర్పుతారు బావా" అన్నాను. "ఒక్క సంగతి, వాళ్ళు భయపడినప్పుడు అరవకండి. బ్రేకు మీ దగ్గర కూడా ఉందని గుర్తుచెయ్యండి చాలు."

అక్క భుజాలు కదిలాయి. ఏడుస్తోందని తెలిసింది. ఏడవనీ.

"అన్నీ గుర్తుపెట్టుకుంటాను" అన్నాడు బావ. సంబరం ఆగక జేబులో చెయ్యిపెట్టి ఒక తాళంచెవి తీసి చూపించాడు. "నీ తాళం నువ్వు ఇచ్చేదాకా ఆగక్కర్లేదని ఓనరుగారు ముందే ఇంకోటి చేయించి ఇచ్చారు కూడా. నిన్న సాయంత్రం మైదానంలో నాలుగు చుట్లు తిప్పాను. బండి పాతదే గానీ బంగారం."

కొత్త తాళంచెవి, అంచులు మెరుస్తున్నాయి. దాని చిల్లులో ఎర్ర దారం ముడి వేసి ఉంది.

ఊళ్ళో తాళాలు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. చేసిన ప్రతి తాళంచెవికీ ఎర్ర దారం ముడి వేసేది ఒక్కరే. మా వంటింట్లో అలమరకి ఆ ముడే, బీరువాకి ఆ ముడే. ఆ దారం కండె నా కుట్టుమిషను డబ్బాలోది. కొత్తగా పెళ్ళైనప్పుడు ఆ ముడి ఎందుకని అడిగితే, "నా చేతిపని ఎక్కడున్నా నాకు తెలియాలి" అన్నారు ఆయన.

నాకు నా కన్ను సంగతి తెలిసిన రోజున ఇంకెవరికి తెలుసు? డాక్టరుకి తెలుసు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి తెలుసు. నేను ఆ రెండో మనిషిని లెక్కలోకే తీసుకోలేదు. మన చెయ్యి మనల్ని గిచ్చుతుందని ఎవరనుకుంటారు?

"చాలా బాగా కుదిరింది తాళం" అని చెప్పి బయటికి వచ్చేశాను. వెనక అక్క పిలిచింది. ఆగలేదు.

హాలు దాటి మెట్లు దిగాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. కారు గేటు లోపలే ఉంది, పైన నేర్చుకునేవాళ్ళ బోర్డుతో. నా తాళాలు నా సంచిలోనే ఉన్నాయి, చేత్తో తడిమి చూసుకున్నాను. అయినా ఇంజను తిరుగుతోంది. మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని బెల్టు పెట్టుకుని ఉన్నారు. ఎన్ని తాళంచెవులు చేశారో ఆయనకే తెలియాలి. పేపరు మడిచి డాష్‌బోర్డు మీద పెట్టి ఉంది, చదివినట్టు లేదు.

నేను పక్క తలుపు తీసి నా సీటులో కూర్చున్నాను. చెయ్యి ఎత్తి కొట్టాలనిపించింది. కొట్టకుండా బెల్టు పెట్టుకున్నాను.

ఆయన నా వైపు చూడకుండా అడిగారు. "వదిన ప్రార్థన చేసిందా?"

గేరు పడింది. కారు గేటు వైపు కదిలింది. లోపల అంతసేపూ నా కాలికి దొరకనిది ఇక్కడ దొరికింది. బలమంతా పెట్టి నొక్కాను. కారు కీచుమని సరిగ్గా గేటు మధ్యలో ఆగిపోయింది. పేపరు జారి నా కాళ్ళ మీద పడింది. వెనక మెట్ల మీద టీ కప్పులతో నిలబడినవాళ్ళందరూ మా వైపు తిరిగారు.

"ఆమె ప్రార్థన చేసింది. మీరు నన్ను అమ్మేశారు" అన్నాను. "ఇంట్లో చెప్పడానికి మీకు నోరు లేదా? నేను మీకు ఏం తక్కువ చేశాను? అక్కకి చెప్పి, ఓనరుకి చెప్పి, బావకి తాళం చేసిచ్చి, రోజూ పొద్దున ఆ కిటికీ దగ్గర నేను కన్ను మూసుకుని నిలబడుతుంటే వెనక నుంచి కాఫీ అందించారే, ఎలా అందించగలిగారు?"

ఆయన ఇంజను ఆపేశారు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. తాళాలు చేసీ చేసీ ఆ వేళ్ళ నిండా గాట్లే.

"నిన్ను ఆపడానికి నాకు వేరే దారి కనిపించలేదు" అన్నారు. "నేను చెప్తే, ఒక కన్ను బాగుంది కదా అనేదానివి."

"బాగుంది కదా మరి."

వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు, దారి ఇమ్మని.

"ఆ రోజు నువ్వు కళ్ళజోడు కొలత ఇవ్వడానికి పక్క గదిలోకి వెళ్ళావు, గుర్తుందా" అన్నారు. "అప్పుడు డాక్టరు నాతో మాట్లాడారు. పండగ దాకా నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. నీకు ఆయన చెప్పింది కుడికన్ను గురించి ఒక్కటే."

నేను రోజూ మూసింది ఎడమకన్ను. బాగున్న కన్నుని పరీక్షించడం ఎందుకని, కుడికన్ను మూసి ఒక్కసారి కూడా చూడలేదు.

నా పక్క అద్దానికి అవతల, తెరిచిన చర్చి గేటు రెక్క ఉంది. నిటారుగా, వరసగా, నల్లరంగు వేసిన ఇనుప కమ్మీలు. మా ఆయన "వద్దు, ఇప్పుడొద్దు" అంటూ నా చెయ్యి పట్టుకోబోయారు.

నేను అరచేత్తో కుడికన్ను మూసుకుని ఆ కమ్మీల వైపు చూశాను.